ఏమీ కనబడటం లేదు

సముద్రంతో ఆటలాడేవాళ్ళంటే గద్దన్నకి ఒళ్ళుమంట. ఈత కొట్టేవాళ్ళని కొంతవరకు క్షమించేవాడు. మోకాలి లోతులో నిలబడి కేకలు పెట్టేవాళ్ళని మనుషుల్లోనే జమకట్టేవాడు కాదు. అతని మంటంతా పలకలవాళ్ళ మీద. మనిషి పొడవుకి మించిన పలకని చంకన పెట్టుకుని పొద్దున్నే నీళ్ళలో దిగి, కెరటం మీద నిలబడి ఒడ్డుదాకా జారుకుంటూ వచ్చి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే మళ్ళీ లోపలికి పోయే సర్ఫింగ్ జనానికి అతను పెట్టుకున్న పేరది. బడిలో పలక పట్టనివాళ్ళంతా ఇక్కడికొచ్చి పలకలు పట్టారని పదకొండేళ్ళుగా ఒకటే హాస్యం ఆడేవాడు. మొదటిసారి విన్నప్పుడు బీచ్ ఆఫీసు గుమాస్తా నవ్వాడట. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అయినా అతను మానలేదు.

వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? అతనికి నల్లజెండా అని పేరు పెట్టారు. ఎదుటపడితే పలకరించేవాళ్ళు కాదు. కొండ మీదికి వెళ్ళే మెట్ల దగ్గర అతను కనబడితే, ముక్కు మూసుకుని మునిగినట్టు నటించి నవ్వుకునేవాళ్ళు.

అతని ఉద్యోగం కొండ మీద కూర్చుని సొరచేప వస్తోందేమో చూడటం. రేకుల కప్పు, మూడు పక్కల చెక్క గోడలు, నాలుగో పక్క సముద్రం. ఒక కుర్చీ, ఒక బైనాక్యులర్, ఒక వాకీటాకీ, సైరన్ మీట, జెండా కర్ర. పచ్చజెండా ఎగిరితే నీళ్ళు తేటగా ఉన్నాయి, సొర లేదు, దిగండి అని. ఎర్రజెండా ఎగిరితే సొర తిరుగుతోంది, దిగకండి అని. నల్లజెండా ఎగిరితే నీళ్ళలోకి చూపు ఆనటం లేదు, ఉందో లేదో నేను చెప్పలేను అని. ఎర్రజెండా నాడు దిగితే జరిమానా ఉంది. నల్లజెండా నాడు దిగితే ఎవరూ ఏమీ అనటానికి లేదు. గొడవంతా ఈ నల్లదానితోనే వచ్చింది.

గద్దన్న అన్నది వలలవాళ్ళు పెట్టిన పేరు. పలకలవాళ్ళ పేరులో వెటకారం ఎంత ఉందో ఈ పేరులో గౌరవం అంత ఉంది. ఇరవై రెండో ఏట నుంచి అదే కొండ మీద నిలబడి చేపల గుంపుల్ని చూసి చెప్పటం అతని పని. కింద ఒడ్డున పడవలో వల సర్దుకుని ఇరవైమంది కాచుకుని ఉండేవాళ్ళు. అతను చొక్కా విప్పి కుడికి ఊపితే పడవ కుడికి, ఎడమకి ఊపితే ఎడమకి, తల మీద గిరగిరా తిప్పితే వల నీళ్ళలోకి. దూరాన నీటి మీద గోరంత నలుపు తేలితే చాలు, అది గాలి గీతో మబ్బు నీడో చేపల గుంపో చెప్పేవాడు. గుంపైతే ఎన్ని బుట్టలవుతుందో కూడా చెప్పేవాడు. జన్మలో ఒక్క ఖాళీ వల కూడా లాగించలేదని వాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అది అబద్ధం, మూడుసార్లు లాగించాడు. ఆ మూడుసార్లూ వారం వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

తర్వాత గుంపులు రావటం తగ్గింది, వలలు మూలపడ్డాయి, ఒడ్డంతా పలకలతో నిండిపోయింది. ఒక ఏడు సొర ఒకడి భుజం కరిచాక బీచ్ ఆఫీసుకి కాపలా మనిషి కావలసివచ్చి గద్దన్నని పిలిచారు. కొండ అదే, చూసే కళ్ళు అవే. కాకపోతే ఇదివరకు మనుషుల కోసం చేపల్ని చూసేవాడు, ఇప్పుడు చేపల నుంచి మనుషుల్ని కాయాలి. తన కళ్ళు ఇలాంటివాళ్ళకి ఉపయోగపడుతున్నాయే అని మొదటి రోజు నుంచీ అతనికి కడుపుమంటే.

భయం లేనివాడికి నీళ్ళలో పనేమిటన్నది అతని వాదన. వలలవాళ్ళకి భయం ఉండేది. పడవ తోసేముందు ఒకసారి ఆగి నీళ్ళకేసి చూసేవాళ్ళు, మాటలు తగ్గేవి. వీళ్ళు పాటలు పాడుకుంటూ దిగుతారు. ఒకసారి పలకలవాళ్ళలో ఒకడు పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చి మరీ అతనితో వాదించాడు. పలకలు పట్టినవాళ్ళలో బడి పలక కూడా పట్టినవాడు అతనొక్కడే. లెక్కల మాస్టారు. సొర వల్ల ఏడాదికి ఎంతమంది పోతారో, స్కూటర్ల మీద నుంచి పడి ఎంతమంది పోతారో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. ఆ లెక్కన తను స్కూటర్ ఎక్కటం మాని సముద్రంలోనే కాపురం పెట్టాలన్నాడు. గద్దన్న అంతా విని, "స్కూటర్‌కి ఆకలి వెయ్యదు మాస్టారూ" అన్నాడు. మాస్టారు నవ్వాడు గాని నొచ్చుకున్నాడని గద్దన్నకి తెలిసింది. చాలా రోజులు ఆ మాట తలుచుకుని సంతోషపడ్డాడు.

ఇక బావమరిది సంగతి. ఒడ్డున పలకలు అద్దెకిచ్చే షెడ్డు అతనిది. కొత్తవాళ్ళకి నేర్పేదీ అతనే. ఒకప్పుడు వల పడవలో ముందు తెడ్డు వేసినవాడు. గద్దన్న చొక్కా ఊపు చూసి పడవ తిప్పినవాడు. వలలు మూలపడ్డ కొన్నేళ్ళకి తన వాటా వల ముక్కలుగా కోసి తోటలకి కంచెగా అమ్మేసి, ఆ డబ్బుతో నాలుగు పలకలు కొన్నాడు. తొమ్మిదేళ్ళయింది. ఆనాటి నుంచీ బావకీ బావమరిదికీ మాటల్లేవు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని తింటున్నా సరే, మధ్యలో గద్దన్న భార్య, అటు భార్యగా ఇటు అక్కగా, మాటలు మోయాలి. ఉప్పు అందించమనటానికి కూడా ఆవిడే.

కాని ఒడ్డున వాకీటాకీ పట్టుకునేవాడు కూడా బావమరిదే. ఆఫీసు వాళ్ళు పెట్టిన ఏర్పాటది, తప్పదు. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. వాకీటాకీలో మనుషులు ఉండరు, 'పైన', 'కింద' అని మాత్రమే ఉంటారు. "పైన, పైన, కింద నుంచి. ఏమిటి సంగతి?" అని అతను అడిగేవాడు. గద్దన్న ఆ ముక్కకి ఈ ముక్క చెప్పి నొక్కు వదిలేసేవాడు. బావ అన్న పిలుపు ఈ తొమ్మిదేళ్ళలో ఆ డబ్బాలోంచి ఒక్కసారి కూడా వినబడలేదు.

వీటన్నిటికీ తోడు, గద్దన్న కూతురు ఆ షెడ్డులోనే పనికి చేరింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. మేనమామ దగ్గర నేర్చుకుని అతన్ని మించిపోయింది. తెల్లారేసరికి నీళ్ళలో ఉండేది. తండ్రి ఇంట్లో తిట్టినన్నాళ్ళు తిట్టాడు. తర్వాత తిట్టటం మానేసి, కొండ మీద నుంచి ఎర్ర టోపీ ఎక్కడుందో చూసుకోవటం మొదలుపెట్టాడు. నీళ్ళలో ఎంతమంది ఉన్నా ముందు ఆ టోపీ దొరికేదాకా మిగతా సముద్రం చూసేవాడు కాదు.

ఆ టోపీ కనబడకపోవటంతోనే అతనికి మొదట తెలిసింది. కిందటేడు ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున ఎంత వెతికినా టోపీ దొరకలేదు. బైనాక్యులర్ అద్దాలు చొక్కాతో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. అద్దాలకి ఏమీ కాలేదు. ఇంకో నెలకి కప్పు అంచు దాటి బల్ల మీద టీ పోశాడు. దీపాల చుట్టూ గుడ్డ కప్పినట్టు కనబడసాగింది. ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి, తెలిసినవాళ్ళు తగలని కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు లైటు వేసి చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేస్తే నిక్షేపంలా చూపు వస్తుందని, ఒక్కో కంటికి ఆరు వారాలు ఎండలోకి పోకూడదని చెప్పాడు.

మూడు నెలలు కుర్చీ ఖాళీగా ఉంచరని గద్దన్నకి తెలుసు. ఎగిరే కెమెరా ఒకటి తెప్పించాలని ఆఫీసులో అప్పటికే అనుకుంటున్నారు. దాన్ని ఎగరేయటానికి బావమరిది షెడ్డులో కుర్రకారు ఎగబడతారు. గద్దన్న లేని కొండని గద్దన్న ఊహించుకోలేకపోయాడు. ఆ కుర్చీ పోతే అతను ఉప్పు అందించమని అడగలేని ఒక ముసలివాడు, అంతే. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రేకుల కప్పుకీ దూలానికీ మధ్య దోపాడు.

ఆ రోజు నుంచీ నల్లజెండా ఎక్కువ ఎగిరింది. అతను తనకి తాను చెప్పుకున్న సమర్థింపు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. నల్లజెండాకి అర్థం చూపు ఆనటం లేదని. నిజంగానే ఆనటం లేదు. నీళ్ళ వల్ల ఆనటం లేదా, కళ్ళ వల్ల ఆనటం లేదా అని జెండా మీద రాసి లేదు. కాబట్టి తను అబద్ధం ఆడటం లేదు. ప్రాణాలతో చెలగాటమాడుతున్నారని పలకలవాళ్ళని దుమ్మెత్తిపోసే మనిషి, కూతురితో సహా వాళ్ళందరి ప్రాణాలనీ తన కుర్చీ కాళ్ళకి కట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదనుకోవటానికి వీల్లేదు. తెలిసే కూర్చున్నాడు.

కింద ఓపిక నశించింది. నీళ్ళు అద్దంలా ఉన్న రోజున కూడా నల్లజెండా ఎగురుతుంటే నేర్చుకోవటానికి వచ్చినవాళ్ళు వెనక్కి పోతున్నారని బావమరిది ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. పలకలవాళ్ళు సంతకాలు పెట్టి ఇచ్చారు. ముసలాయన కక్షతో చేస్తున్నాడని అందులో రాశారు. ఆఫీసరమ్మ కొత్తగా వచ్చిన మనిషి, గొడవ తేల్చేయాలన్న తొందర. జెండా ఒక్కటే చాలదు, పైనున్నాయన ఏం చూశాడో మాటల్లో చెప్పాలి, కింద ఉన్నాయన ఆ మాటని ఉన్నదున్నట్టు నల్లబల్ల మీద రాసి షెడ్డు ముందు పెట్టాలి అని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క అక్షరం కలపకూడదు, తీయకూడదు అని కూడా చెప్పింది. ఇద్దరి సంగతీ ఆవిడ చెవిన పడే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే డబ్బాలోంచి, "పైన, పైన, కింద నుంచి. రాయాలి, చెప్పు" అని వచ్చింది. గద్దన్న సముద్రంకేసి చూశాడు. పాలల్లో నీలం కలిపినట్టు ఒకటే పరుపుగా ఉంది.

"ఏమీ కనబడటం లేదు" అన్నాడు.

బావమరిది సుద్దముక్క తీసుకుని ఉత్తర్వు ప్రకారం రాశాడు. పైనుంచి సమాచారం: ఏమీ కనబడటం లేదు.

పలకలవాళ్ళు వచ్చి చదివారు. ఏమీ కనబడటం లేదట, అంటే సొరా గిరా ఏమీ లేదట, పదండి అనుకుని సంబరంగా దిగారు. కొండ మీద అదే సమయంలో నల్లజెండా ఎగురుతోంది. ముసలాయనకి కక్ష తీరక జెండా నల్లది ఎగరేశాడు గాని, నోటితో నిజం చెప్పక తప్పలేదు అని దానికి అర్థం చెప్పుకున్నారు. ఆ మాటకి బావమరిది కూడా నవ్వాడు. అలా ఒకరోజు కాదు, దాదాపు రెండు నెలలు అదే మాట పైనుంచి రావటం, అదే మాట బల్ల మీదికి ఎక్కటం, అదే మాట చదివి జనం దిగటం జరిగింది.

అనుమానం వచ్చింది కూతురికి ఒక్కదానికే. ఒకరోజు తడి బట్టలతోనే మెట్లెక్కి వచ్చింది. పది అడుగుల దూరంలో ఉండగా గద్దన్న, "ఎవరది?" అన్నాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. నెత్తి మీద ఎర్ర టోపీ అలాగే ఉంది.

"నేనే నాన్నా. ఒకటి అడుగుదామని వచ్చా. ఏమీ కనబడటం లేదంటే నీ ఉద్దేశం, లేదనా? తెలియదనా?"

"కనబడనప్పుడు దిగకూడదని. బుద్ధున్నవాళ్ళకి అంతకన్నా చెప్పక్కర్లేదు."

"వాళ్ళు సొర లేదనుకుని దిగుతున్నారు. నీళ్ళు కలకగా ఉన్నాయని చెప్పు, పోనీ."

అక్కడే దొరికిపోయాడు. నీళ్ళు కలకగా లేవు. అలా చెబితే బల్ల మీదికి ఎక్కిన మాటని ఎవడైనా కాలు తడుపుకుని మరీ అబద్ధమని తేల్చగలడు. నిజం చెప్పాలంటే ఆ వాక్యానికి ముందు ఒక్క మాట చేర్చాలి. నాకు. నాకు ఏమీ కనబడటం లేదు. రెండక్షరాలు. అవి అతని గొంతు దాటలేదు. దాటకపోగా కోపం దాటింది. మీ మామ దగ్గర జీతం తీసుకుని నాకు మాటలు నేర్పటానికి వచ్చావా అని, పలకలవాళ్ళ మధ్య తిరిగి తండ్రి అంటే లెక్కలేకుండా పోయిందని, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇంట్లో ఆవిడ మోయవలసిన మాటల్లో ఆనాటి నుంచి ఇంకో జత చేరింది.

ఆ తర్వాత వారానికి అతను సైరన్ మోగించాడు. లోపల పెద్ద నల్లటి ఆకారం ఒడ్డుకేసి వస్తోంది. ఒకప్పుడు ఇలాంటివాటిని చూసి బుట్టలు లెక్కకట్టినవాడు. జనం పడుతూ లేస్తూ ఒడ్డుకి పరిగెత్తారు. ఒక పిల్ల పాదం రాయికి కోసుకుంది. ఆకారం కెరటాలు దాటింది, ఇసుక మీదికి ఎక్కింది, షెడ్డు కప్పు మీదుగా రోడ్డు దాటి పోయింది. మబ్బు నీడ. కింద యాభైమంది కొండకేసి తిరిగి చప్పట్లు కొట్టారు. చప్పట్లు అంత పైకి వినబడవు, కాని బావమరిది నొక్కు నొక్కి డబ్బాని పైకెత్తి పట్టుకున్నాడు. గద్దన్న మొత్తం విన్నాడు. మూడు ఖాళీ వలలకి ఇది నాలుగోది. కాని ఈసారి ఇంట్లో దాక్కోవటానికి లేదు, మర్నాడు పొద్దున్నే కుర్చీలో కూర్చోవాలి.

మాస్టారికి ప్రమాదం జరిగింది ఆ చప్పట్లు కొట్టిన పదో రోజున. కెరటాలు ఒక వరసలో, ఎవరో దువ్విపెట్టినట్టు వస్తున్నాయట. నీటి అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చట. అవన్నీ గద్దన్న తర్వాత విన్నవే. డబ్బాలో అడిగితే ఎప్పటి మాటే చెప్పాడు. బల్ల మీదికి ఎక్కింది. పదముగ్గురు దిగారు.

ఎనిమిది గంటల వేళ పాల పరుపు మీద ఒక మసక మచ్చ కనబడింది. కెరటాలు విరిగే చోటుకి అవతల. బైనాక్యులర్ పెడితే మచ్చ ఇంకా పెద్దదై ఇంకా మసకైంది. సైరన్ మీట మీదికి చెయ్యి వెళ్ళింది. చప్పట్లు గుర్తొచ్చాయి. తలెత్తి మబ్బుల కోసం చూశాడు. ఆకాశం కూడా తెల్లగానే ఉంది, మబ్బు ఉందో లేదో తెలియలేదు. ఇంకొక్క నిమిషం చూద్దామనుకున్నాడు. ఎర్ర టోపీ కోసం వెతికాడు, దొరకలేదు. మచ్చ ఆగినట్టు అనిపించింది. నాచు తెట్టు అయ్యుంటుంది అనుకున్నాడు. చెయ్యి మీట మీదే ఉంది.

డబ్బాలోంచి వచ్చింది మాట కాదు, ఒక అరుపు. అప్పుడు నొక్కాడు. కింద వాళ్ళకి తెలిసిన సంగతిని సైరన్ కొండ మీద నుంచి చాలాసేపు చెప్పింది.

సొర కరిచింది లెక్కల మాస్టారిని. ఎడమ కాలు, మోకాలి కింద. ఎర్ర టోపీ పిల్ల తన పలక అతని కిందికి తోసి, పలకని కాలికి కట్టుకునే తాడు విప్పి అతని తొడకి బిగించి, కెరటంతో పాటు ఒడ్డుకి తీసుకొచ్చింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఇవన్నీ తెలిశాక గద్దన్న లోపల మొదట కలిగింది ఊరట, కూతురికి ఏమీ కాలేదని. రెండోసారి కలిగింది కూడా ఊరటే. తలెత్తి చూస్తే జెండా నల్లదే ఉంది.

కింద జనం బావమరిది మీద పడ్డారు. నిన్నటిదాకా అతనితో నవ్వినవాళ్ళే కాలర్ పట్టుకున్నారు. జెండా నల్లగా ఉంటే, ఏమీ లేదని ఎలా రాశావురా అన్నారు. పైనుంచి వచ్చిందే రాశానని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. షెడ్డుకి తాళం పడింది. మూడో రోజున ఆఫీసులో విచారణ.

గద్దన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. లైఫ్ జాకెట్లు గుట్టగా పడేసిన పొడుగాటి గది. ఒక చివర ఆఫీసరమ్మ బల్ల, పక్కన గోడ ఫ్యాను. రెండో చివర కిటికీ, కిటికీ నిండా ఎండ. పలకలవాళ్ళు గోడ పొడుగునా నిలబడ్డారు. గద్దన్న మాట్లాడటం మొదలుపెడితే ఆపేవాళ్ళు లేకపోయారు. నల్లజెండా ఎగరేసింది తను. చూపు ఆనటం లేదని చెప్పింది తను. పదకొండేళ్ళుగా సముద్రం ఆట స్థలం కాదని చెబుతున్నది తను. వినకుండా దిగింది వాళ్ళు. వాళ్ళని దింపి అద్దె తీసుకున్నది ఈ పెద్దమనిషి. ఈ మాటన్నప్పుడు తొమ్మిదేళ్ళలో మొదటిసారి బావమరిదికేసి వేలు చూపించాడు. ఆఫీసరమ్మ రాసుకుంటోంది. షెడ్డు లైసెన్సు పోయినట్టేనని అందరికీ అర్థమైంది.

నీళ్ళు తేటగా ఉన్నాయని అందరూ అంటున్నారే అని ఆవిడ ఒక్కటి అడిగింది. ఒడ్డు నుంచి చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది, పైనుంచి ఎండ తళుకులో వేరుగా ఉంటుంది అన్నాడు. ముప్పై ఆరేళ్ళు ఆ కొండ మీద ఉన్న మనిషి చెబితే ఎవరు కాదనగలరు?

కూతురు షెడ్డు ముందున్న నల్లబల్ల తెచ్చింది. కిటికీ పక్కన నిలబడి దాన్ని రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుంది.

"నాన్నా, ఆ రోజు బల్ల మీద ఏం రాసుందో చదివి మేడమ్‌కి చెప్పు."

గద్దన్నకి నవ్వొచ్చింది. ఇంత తేలిక సాక్ష్యం కూతురే తెచ్చిచ్చింది. కిటికీ వెలుగులో నల్లటి చదరం ఒకటి తెలుస్తూనే ఉంది.

"చదవటానికేముంది? ఏమీ కనబడటం లేదు అని. మీ మామ చేతిరాతే. పెద్దపెద్ద అక్షరాలు, కోడి కెలికినట్టు."

ఫ్యాను ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి, మళ్ళీ వచ్చింది. నవ్వాలనుకున్నవాళ్ళు కూడా నవ్వలేదు. గద్దన్న అటు చూశాడు, ఇటు చూశాడు. ఆ నిశ్శబ్దం తన గురించేనని మెల్లగా తెలిసింది.

"రాసింది వెనక వైపు నాన్నా" అంది కూతురు. "ఇటు ఏమీ రాయలేదు. ఆ రోజు నువ్వు ఎవరది అన్నప్పుడే నాకు తెలియాల్సింది. నేనూ ఊరుకున్నాను."

ఆఫీసరమ్మ కలం ఆపి గద్దన్నకేసి తిరిగింది. మీరేం చెబుతారో అదే రాస్తాను, ఒక్క అక్షరం కలపను, తీయను అంది. గద్దన్న కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"నాకు ఏమీ కనబడటం లేదు. కిందటేడు నుంచి."

ఆవిడ రాసుకుంది. బావమరిది లేచి తలుపుదాకా వెళ్ళి, అటే తిరిగి, "పైనుంచి సమాచారం ఇప్పటికి అందింది" అన్నాడు. బయటికి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం పోయింది. కేసు పెట్టాలన్నవాళ్ళున్నారు, కన్ను లేనివాడి మీద ఏం పెడతామన్నవాళ్ళున్నారు, ఆ రెండో మాటే గద్దన్నకి ఎక్కువ నొప్పి పెట్టింది. రేకుల కప్పులో దోపిన కాగితం కూతురే తీసి, రెండు బస్సులు మార్చి తీసుకెళ్ళి ఆపరేషన్లు చేయించింది. కళ్ళకి కట్టు విప్పిన రోజున డాక్టరు చెప్పినట్టే చూపు నిక్షేపంలా వచ్చింది. కూతురి ముఖంలో తన మీద ఉన్న కోపం కూడా స్పష్టంగా కనబడింది.

రెండో కంటికి ఆరు వారాలు నిండిన మర్నాడు అతను మాస్టారింటికి వెళ్ళాడు. క్షమించమని అడగాలనే వెళ్ళాడు, దారంతా ఆ మాటే నెమరేసుకున్నాడు. మాస్టారు వరండాలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఊతకర్ర. ఒళ్ళో అడ్డంగా పలక, దాని మీద మైనం రుద్దుతున్నాడు. కాలు జారకుండా పలకకి రుద్దుకునే మైనం. అది చూసేసరికి గద్దన్న నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"మళ్ళీ దిగుతారా?"

"దిగుతాను. పడుకుని తోసుకెళ్తే ఒంటికాలు చాలు."

"ఇంత జరిగాక కూడా భయం లేదా మాస్టారూ?"

మాస్టారు మైనం ముక్కని వేళ్ళ మధ్య తిప్పాడు. అతను గొంతు పెంచలేదు. బడిలో వెనక బెంచీ వాడికి చెప్పినట్టు చెప్పాడు.

"దిగిన ప్రతిసారీ నేను లెక్క వేసుకునే దిగాను. కెరటాన్ని వేసుకున్నాను, రాళ్ళని వేసుకున్నాను, సొరని కూడా వేసుకున్నాను. దాని మీద నాకు కోపం లేదు. మీరు అన్నారుగా, దానికి ఆకలి వేస్తుంది. మిమ్మల్ని మాత్రం లెక్కలో వేసుకోలేదు."

గద్దన్న తెచ్చుకున్న మాట ఇంకా నోట్లోనే ఉంది. పలక మీద మైనం పొర, అందులో అంటిన ఇసుక రేణువులు, మాస్టారి మడిచి కుట్టిన పంట్లాం అంచు, అన్నీ ఒక్కొక్కటిగా, దారప్పోగులతో సహా కనబడుతున్నాయి.

"కాస్త పక్కకి జరగండి" అన్నాడు మాస్టారు. "వెలుతురుకి అడ్డం వస్తున్నారు."

గద్దన్న జరిగాడు. మాస్టారు మళ్ళీ మైనం రుద్దుకోసాగాడు.